పెనుకొండ తిరుమలరాయలు: రెండేళ్ళ రాజు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

సైన్సు చదివేవాడికి చరిత్రతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్నవాణ్ణి. రాజుల పేర్లు వల్లె వేస్తే నాకు ఒక్క మార్కు కూడా రాదు. అయినా ఒకనాటి రైలు ప్రయాణంలో నేను తల వంచుకోవలసి వచ్చింది. ఆ సిగ్గే ఈ వ్యాసానికి మూలం.

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. సేద్యపు కుటుంబం. సెలవులకు ఊరికి పోయి తిరిగి వచ్చేటప్పుడు హిందూపురంలో రైలెక్కుతాను. కొంత దూరం పోగానే కిటికీలో పెనుకొండ కనిపిస్తుంది. ఆ తర్వాత ధర్మవరం. అక్కడ మా మేనత్తవాళ్ళకు పట్టుమగ్గం ఉంది. ఒక పూట దిగి, అన్నం తిని, మళ్ళీ బయలుదేరతాను. చిన్నప్పటి నుంచీ ఈ దారే. ఈ దారిలో ఆ కొండను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూడటం వేరు, తెలుసుకోవడం వేరు అని నాకప్పుడు తెలియదు.

మొదటి సంవత్సరంలో ఉండగా ఒకనాడు ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన కొండవైపు చెయ్యి చూపించి, "ఏమప్పా, కాలేజీలో చదువుతుండావు కదా, ఆ కొండమీది గోడలు ఎవరివో చెప్పు" అన్నాడు.

"ఇంకెవరివి సార్, కృష్ణదేవరాయలవి" అన్నాను ధైర్యంగా.

ఆయన నవ్వినాడు. "మన సీమలో పాతగోడ ఏది కనపడినా కృష్ణదేవరాయల ఖాతాలోనే రాసేస్తాం. సరే. ఈ పెనుకొండనే రాజధాని చేసుకొని పట్టం కట్టుకున్న రాజు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు చెప్పు చూద్దాం."

నాకు తెలియలేదు. బోగీలో నలుగురు నావైపు చూసినారు. ధర్మవరం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు ఆయనే చెప్పినాడు: "తిరుమలరాయలు. పట్టం కట్టుకొని ఏలింది రెండేండ్లే. అందుకే నీకు తెలియలేదు."

రెండేళ్ళు ఏలినవాణ్ణి మరిచిపోవచ్చునా? ఎన్నేళ్ళు ఏలితే జ్ఞాపకం ఉంచుకోవాలి? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మన గ్రంథాలయంలో చరిత్ర అల్మారా దగ్గరికి సైన్సు విద్యార్థి పోతే చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది. అయినా పోయినాను. చదివిన కొద్దీ నాకు తోచింది ఇక్కడ విన్నవిస్తున్నాను. తప్పులుంటే చరిత్ర శాఖ పెద్దలు దిద్దుతారని నమ్మకం.

కథ 1565 జనవరి 23న మొదలవుతుంది. తళ్ళికోట యుద్ధమని మనం చదువుకున్నదీ, రక్కసి-తంగడి యుద్ధమని కొందరు పిలిచేదీ ఆనాడు జరిగింది. ఒకవైపు అహమ్మద్‌నగరం, బీజాపురం, గోల్కొండ, బీదరు సుల్తానులు. రెండోవైపు విజయనగర సైన్యం. దాన్ని నడిపించినవాడు అళియ రామరాయలు. చక్రవర్తి అనే పేరు సదాశివరాయలది. 1542 నుంచీ ఆయనది పేరే గాని, పెత్తనమంతా రామరాయలదీ, ఆయన తమ్ముళ్ళదీ. యుద్ధంలో రామరాయలు చనిపోయినాడు. సైన్యం చెదిరిపోయింది. తమ్ముడు తిరుమలరాయలకు ఆ యుద్ధంలో ఒక కన్ను పోయిందంటారు.

ఆ తిరుమలరాయలు విజయనగరానికి తిరిగి వచ్చి ఏమి చేశాడు? నగరాన్ని కాపాడటానికి నిలబడలేదు. ఖజానా ఏనుగులకెత్తించి, సదాశివరాయలను వెంటబెట్టుకొని దక్షిణానికి బయలుదేరినాడు. ఆ ఏనుగులు ఐదువందల యాభై అని రాబర్ట్ సీవెల్ 1900లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. ఆ ప్రయాణం చేరిన చోటు మన పెనుకొండ. వెనక విజయనగరాన్ని శత్రువులు నెలల తరబడి దోచినారు, కాల్చినారు, పగలగొట్టినారు. హంపికి పోయినప్పుడు మనం చూసి నిట్టూర్చేది ఆ మిగులునే.

మన పాఠాలు సాధారణంగా ఇక్కడితో ముగుస్తాయి. "1565తో విజయనగర సామ్రాజ్యం పతనమైనది." పరీక్షలో ఈ వాక్యం రాస్తే మార్కులు పడతాయి. కాని ఈ వాక్యం నిజం కాదు. పతనమైనది నగరం. రాజ్యం మరి ఎనభై ఏళ్ళు బతికింది. ఇంగ్లీషువాళ్ళకు మద్రాసులో కోట కట్టుకోవడానికి 1639లో చోటు దొరికింది ఎవరి రాజ్యంలో? అరవీటి వంశపు వెంకటపతిరాయల రాజ్యంలో, ఆయన కింది దామెర్ల నాయకుల చేతిమీదుగా. చచ్చిన రాజ్యం పట్టాలు ఇవ్వగలదా! ఆ ఎనభై ఏళ్ళకు పునాదిరాయి పడింది పెనుకొండలో. వేసినవాడు రెండేళ్ళ రాజు.

ఇప్పుడు ఆ రెండేళ్ళ లెక్క చెప్పాలి. 1565 నుంచి ఐదేళ్ళు ఆయన సదాశివరాయల పేరుమీదనే పని నడిపించినాడు. 1570 ప్రాంతంలో తనే పట్టం కట్టుకొని, అరవీటి వంశంలో మొదటి చక్రవర్తి అయినాడు. అప్పటికే ముసలివాడు. 1572 నాటికి గద్దె మీద పెద్దకొడుకు శ్రీరంగరాయలు ఉన్నాడు. అంతే.

ఇంత కొద్దికాలంలో చేసిన పనులు చూడండి. ఉన్న రాజ్యాన్ని మూడు భాగాలు చేసి ముగ్గురు కొడుకులకు అప్పగించినాడు. తెలుగు సీమ శ్రీరంగరాయలకు, పెనుకొండ కేంద్రంగా. కన్నడ సీమ రామరాజుకు, శ్రీరంగపట్నం కేంద్రంగా. తమిళ సీమ వెంకటపతికి, చంద్రగిరి కేంద్రంగా. భాషను బట్టి పరిపాలన అనే మాట మనం ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద ఉద్యమాలు చేసి సాధించుకున్నాం. ఆయన దాన్ని సిద్ధాంతంగా చేశాడని నేననను. ఏ సీమను ఎవరు చూసుకోగలరో చూసి పంచినాడు, సేద్యగాడు కొడుకులకు చేన్లు పంచినట్లు. మధుర, తంజావూరు, జింజి నాయకులు అప్పటికే సొంతంగా తలలెత్తుతున్నారు. వాళ్ళతో కయ్యం పెట్టుకునే బలం లేదని గ్రహించి, పేరుకైనా లోబడి ఉంటే చాలనుకున్నాడు. సీతారాములు కూర్చుని ఉండగా లక్ష్మణుడు పక్కన నిలబడిన బంగారు నాణేలు ముద్రించినాడు. రాజ్యం ఉంది అని అంగట్లో చెప్పడానికి నాణెం కంటె మంచి సాక్ష్యం ఏముంది? రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితం చేసింది కూడా ఈ తిరుమలరాయలకే. కాలిన ఊరిని వెనక వదిలి వచ్చినవాడి కొలువులో అంత పెద్ద ప్రబంధం పుట్టిందంటే ఆశ్చర్యం కాదా?

ఫలితం ఆయన తర్వాత తెలిసింది. 1576లో బీజాపురం సుల్తాను అలీ ఆదిల్‌షా స్వయంగా వచ్చి పెనుకొండను ముట్టడించినాడు. కోట పడలేదు. తర్వాత గోల్కొండ మహమ్మద్ కులీ కుతుబ్‌షా సైన్యం వచ్చింది. అదీ తిరిగిపోయింది. చిన్న కొడుకు వెంకటపతి 1586 నుంచి 1614 వరకు ఇరవై ఎనిమిదేళ్ళు ఏలి, పోయిన సీమలు కొన్ని తిరిగి సంపాదించినాడు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళు మనకు కొంచెం తెలుసు. వాటి కింద ఉన్న రెండేళ్ళు తెలియవు. చెట్టును చూసేవాడు వేరును చూడడు కదా!

ఇంతవరకు చదివి, నేను తిరుమలరాయలకు భజన చేస్తున్నానని కొందరు అనుకోవచ్చు. కాదు. రెండోవైపు కూడా చెప్పకపోతే సైన్సు విద్యార్థిని అనిపించుకోను. అనుకూలమైన ఫలితాలు మాత్రమే రికార్డులో రాస్తే మా లేబొరేటరీలో ఒప్పుకోరు.

సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిసు వర్తకుడు 1567లో విజయనగరంలో ఏడు నెలలు ఉన్నాడు. పెనుకొండ అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణమని రాశాడు. ఆయన రాసిన మరో రెండు సంగతులు మనసుకు కష్టం కలిగిస్తాయి. మొదటిది గుర్రాల సంగతి. సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టడానికి తిరుమలరాయలకు గుర్రాలు కావలసి వచ్చినాయి. గోవా నుంచి గుర్రాలు తెస్తే మంచి ధర ఇస్తాననీ, యుద్ధంలో పోయిన గుర్రాల పాత బాకీ కూడా తీరుస్తాననీ వర్తకులకు మాట ఇచ్చినాడు. వాళ్ళు నమ్మి తోలుకొచ్చినారు. గుర్రాలు తీసుకొని, వాళ్ళను ఒట్టి చేతులతో పంపించినాడు. వాళ్ళు దుఃఖంతో పిచ్చివాళ్ళలాగా అయిపోయినారట. రెండోది ఇంకా ఘోరం. చక్రవర్తి సదాశివరాయలను ఏళ్ళ తరబడి బందీగా ఉంచి ఏడాదికొకసారి జనానికి చూపించేవారనీ, చివరికి తిరుమలరాయల కొడుకే ఆయన్ను చంపినాడనీ ఫ్రెడరిక్ రాశాడు. ఇది పరదేశి విని రాసిన మాట అని తోసిపుచ్చవచ్చు. కాని సదాశివరాయలు ఉండవలసిన గద్దె మీద 1570లో ఎవరు కూర్చున్నారన్నది మాత్రం అనుమానం లేని సంగతి.

మరి ఈయన్ను ఏమని పిలవాలి? రాజ్యాన్ని నిలబెట్టినవాడనా? ఊరిని వదిలి ధనం మూటగట్టుకొని పోయినవాడనా?

నాకు జవాబు పుస్తకాల్లో దొరకలేదు. మా ఇంట్లో దొరికింది, అదీ సగమే.

నేను ఏడో తరగతి చదివేటప్పుడు మా ఊళ్ళో వాన మొహం చాటేసింది. మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. ఆ పడేది కూడా పడవలసినప్పుడు పడదు. చెనిక్కాయ చేను ఊడలు దిగే అదనులో ఎండిపోయింది. మా చిన్నాయన బెంగుళూరుకు పనికి పోయినాడు. ఇంట్లో గింజలు అడుగంటినాయి. అయినా అటకమీద మూడు మూటల విత్తనపు కాయలుండేవి. వాటిని మా నాయన అమ్మలేదు, మమ్మల్ని తిననివ్వలేదు. హిందూపురంలో ఎరువు బాకీ ఉన్న అంగడాయన ఒకనాడు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "చేతిలో ఏమీ లేదు సామీ" అన్నాడు మా నాయన. అటకమీద మూటలున్న సంగతి చెప్పలేదు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. మా నాయన అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

మరుసటేడు అవే కాయలు వలిచి విత్తినాం. రెండు పంటలకు ఆ అంగడాయన బాకీ తీరింది.

చెనిక్కాయ విత్తనాన్ని కాయలోనే దాచాలి. వలిచి పప్పు చేసి పెడితే మొలకెత్తే శక్తి తొందరగా పోతుంది. పైన ఉన్న పొట్టుకు రుచి లేదు, వెల లేదు. కాని లోపలి జీవాన్ని కాపాడేది అదే. ఈ సంగతి నేను వృక్షశాస్త్రం తరగతిలో వినకముందే మా నాయన దగ్గర నేర్చుకున్నాను. పెనుకొండ ఆనాడు చేసిన పని అదే అనుకుంటాను. విజయనగరం వైభవం దానికి లేదు. రాళ్ళ కొండ, కోట. అయితే విత్తనం అందులో చెడకుండా నిలిచింది.

కొండ ఉత్తదే అయితే నిలిచేది కాదు, నీళ్ళుండాలి. దాని వెనక కూడా ఒక కథ ఉంది. 1388లో ప్రతాప బుక్కరాయలు అనే రాకుమారుడు పెనుకొండలో ఉండి సీమను ఏలుతుండగా, నగరానికి పెన్నేటి నీళ్ళు తెమ్మని జలసూత్రం తెలిసిన సింగాయభట్టును ఆజ్ఞాపించినాడు. సింగాయభట్టు కల్లూడి దగ్గరి నుంచి సిరువెర చెరువుకు కాలువ తవ్వించి, దానికి రాకుమారుడి పేరే పెట్టి శాసనం వేయించినాడు. ఆ శాసనం గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. అంటే తిరుమలరాయలు వచ్చి తల దాచుకోవడానికి నూట డెబ్భై ఏళ్ళ ముందే ఒక ఇంజనీరు ఈ సీమను సిద్ధం చేసి ఉంచినాడు. రాజు పేరు మరిచిపోయినందుకే నేను సిగ్గుపడ్డాను. ఈ సింగాయభట్టు పేరు ఎందరం విన్నాం?

పోయిన దసరా సెలవుల్లో మా నాయననూ, మా అవ్వనూ పెనుకొండకు తీసుకొని పోయినాను. గగన్‌మహల్ చూసినాం. పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా చూసినాం. పక్కపక్కనే ఉన్న రాముడి గుడికీ శివుడి గుడికీ అవ్వ మొక్కింది. ఎర్రమంచి వాకిలి దగ్గర మనిషికి రెండింతల ఆంజనేయస్వామి ఎదుట నీడలో కూర్చుని, నేను చదివిందంతా వాళ్ళకు చెప్పినాను.

మా నాయన కాసేపు ఊరుకొని, "విత్తనం ఎత్తుకొని పోయినోడిని దొంగ అనగూడదు రా. పోయి మళ్ళీ విత్తినాడా లేదా, అది చూడల్ల" అన్నాడు.

మా అవ్వ ఒప్పుకోలేదు. "అదంతా సరే. ఆయప్ప ఏనుగులెక్కి పోయినాడు. ఏనుగులు లేనోళ్ళు ఆ ఊర్లోనే ఉండినారు కదా? వాళ్ళ సంగతేమి?"

మా నాయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఈ వ్యాసం రాస్తూ కూడా ఆ మాటకు జవాబు వెతుకుతున్నాను. మా చిన్నాయన బెంగుళూరుకు పోయిన ఏడు ఇంటి దగ్గర మిగిలింది మా అవ్వే. అందుకే ఆమెకు ఆ ప్రశ్న వచ్చింది, నాకు రాలేదు.

నా అభిప్రాయం ఇది. రాజును ఏళ్ళతో కొలవకూడదు. ఎన్నాళ్ళు కూర్చున్నాడు అని కాదు, లేచేటప్పుడు ఏమి మిగిల్చినాడు, దానికి ఎవరు వెల కట్టినారు అని రెండు లెక్కలూ అడగాలి. తిరుమలరాయలు మిగిల్చింది ఎనభై ఏళ్ళ రాజ్యం. వెల కట్టినవాళ్ళు విజయనగరంలో మిగిలిపోయిన జనం, గోవా వర్తకులు, సదాశివరాయలు. మా నాయన తన బాకీ తీర్చుకున్నాడు. తిరుమలరాయల గుర్రాల బాకీ ఫ్రెడరిక్ పుస్తకంలో ఇప్పటికీ బాకీగానే ఉంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించేదే నిజమైన చరిత్ర. ఒక లెక్క మాత్రమే రాస్తే అది పొగడ్త అవుతుంది, లేదా తిట్టు అవుతుంది.

ఈ గొడవ ఇప్పుడెందుకు అంటారా? మనలో చాలామంది ఈ ఏడు చదువు ముగించుకొని పోబోతున్నారు. బెంగుళూరుకు, హైదరాబాదుకు, అదృష్టం ఉంటే ఇంకా దూరానికి. కొందరికి ఎర్రమంచి దగ్గరే పని దొరకవచ్చు. కోటవాకిలి పేరున్న ఆ ఊళ్ళో 2019 నుంచి కియా కార్ల కర్మాగారం నడుస్తున్నది. శ్రీశైలం దగ్గరి నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి వస్తున్నాయి. సింగాయభట్టు చూస్తే సంతోషించేవాడు. ఎవరు ఎక్కడికి పోయినా తప్పులేదు. కాని ఏమి ఎత్తుకొని పోతున్నాం, ఎక్కడ విత్తుతాం, వెనక ఎవరిని వదులుతున్నాం అని ఒక్కసారి ఆలోచించుకొని పోదాం.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. విహారయాత్ర అంటే హంపికి పోదామంటాం. పోదాం, కాదనను. కాని హంపి కథ ఎక్కడ ఆగిందని మనం అనుకుంటున్నామో, ఆ తర్వాతి పేజీ మన దారిలోనే ఉంది. వచ్చే ఏడు ఒక్క రోజు పెనుకొండకు కేటాయించండి. చరిత్ర విద్యార్థులు శాసనాలు చదివి వినిపించండి. మేము చెరువులు, కాలువల జాడలు చూసి పటం గీస్తాం. గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళను మనమే ఆపుదాం. ఇప్పుడు పెనుకొండకు పోయినవాళ్ళు నిద్రపోతున్న కుంభకర్ణుడి బొమ్మ పక్కన ఫోటో దిగి తిరిగి వస్తున్నారు. ఆయన ఆరు నెలలకు ఒక్కరోజైనా మేలుకునేవాడు. మనం అదీ చేయకపోతే ఎట్లా?

ఆ రైలు పెద్దాయన మళ్ళీ నాకు కనపడలేదు. హిందూపురంలో ఎక్కినప్పుడల్లా బోగీలో ఒకసారి వెతుకుతాను. ఈసారి కనపడితే రాజు పేరు చెప్తాను, ఆయన బాకీతో సహా.